ఆపరేషన్ అయింది, మరి ‘అమ్మా’ అని ఎప్పుడంటాడు?

పోయిన నెల ఈ పేజీలో వినికిడి మిషన్ల గురించి రాస్తూ చివర్లో కాక్లియర్ ఇంప్లాంట్ ఊసు రెండు ముక్కలెత్తాను. అంతే, ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా దాని గురించే. ఒక పెద్దాయన నాలుగు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టి, ఆఖర్న ‘నాకు వినపడదు, జవాబు రాతలోనే పంపండి’ అన్నారు. అందుకని ఈసారి మిగతా ఉత్తరాలన్నీ పక్కన పెట్టాను.

ముందే ఒక మాట. నేను ఆపరేషన్ చేసే ఈఎన్‌టీ డాక్టర్ని కాదు, ఆడియాలజిస్టుని. డాక్టర్లు కుట్లు వేసి పంపించిన మూడు నాలుగు వారాలకు జనం నా దగ్గరికి వస్తారు. చెవికి పెట్టుకునే ప్రాసెసర్ అనే చిన్న మిషన్‌ను కంప్యూటర్‌కు తగిలించి, ఏ శబ్దానికి ఎంత కరెంటు ఇవ్వాలో సరిచేయడం నా పని. దాన్ని మేము మ్యాపింగ్ అంటాం. విద్యానగర్‌లో మొదటి అంతస్తులో మా క్లినిక్, కింద మిర్చి బజ్జీల బండి. బజ్జీలాయన జల్లిగరిటెను మూకుడు అంచుకేసి టంగుమని కొడతాడు. పెద్ద పెద్ద బొమ్మలతో, డప్పులతో నేను గంటసేపు తంటాలు పడ్డా తిరగని పిల్లలు ఆ టంగుమన్న చప్పుడుకు తల తిప్పడం ఎన్నిసార్లు చూశానో!

ఇంప్లాంట్ అంటే ఏమిటని అడిగినవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. లోపలి చెవి నత్తగుల్లలాగా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. అందులోని సన్నని రోమకణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. అవి బాగా దెబ్బతింటే ఎంత ఖరీదైన వినికిడి మిషన్ పెట్టినా చప్పుడు పెరుగుతుందే గానీ మాట అందదు. అప్పుడు ఆ గుల్లలోకి ఎలక్ట్రోడ్లున్న మెత్తటి తీగను పంపి, నరాన్ని నేరుగా కరెంటుతో తట్టి లేపుతారు. చెవి వెనక చర్మం కింద రిసీవర్ ఉంటుంది. బయట చెవికి తగిలించుకునే ప్రాసెసర్, తలకు అయస్కాంతంతో అతుక్కునే కాయిల్ ఉంటాయి. బయటివి తీసేస్తే మళ్లీ ఏమీ వినపడదు.

ఇక ఉత్తరాలు.

మా బాబు నెలలు నిండకుండా పుట్టి 20 రోజులు ఐసీయూలో ఉన్నాడు. తర్వాత బెరా పరీక్షలో (చప్పుడుకు వినికిడి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసేది) రెండు చెవులూ వినపడవని తేలింది. రెండేళ్లు నిండడానికి నెల ముందు ఆరోగ్యశ్రీలో కుడి చెవికి ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు రెండేళ్ల మూడు నెలలు. స్విచ్ ఆన్ చేసి మూడు నెలలైనా ‘అమ్మా’ అనలేదు. మిషన్ పెడితే పీకేస్తున్నాడు. మా అత్తమ్మ ‘పోరగాని తల కోయించిండ్రు, ఏం ఫాయిదా?’ అంటోంది. ఆపరేషన్ ఫెయిలయిందా మేడమ్? — ఒక తల్లి, ఉప్పల్

తల్లీ, ముందు ఒక లెక్క చూద్దాం. మీ బాబుకు రెండేళ్ల మూడు నెలలు. వాడి చెవికి మాత్రం మూడు నెలలే. స్విచ్ ఆన్ చేసిన రోజే దానికి పుట్టినరోజు. మూడు నెలల పసిగుడ్డును ‘ఇంకా అమ్మా అనవేంరా’ అని ఎవరైనా నిలదీస్తారా? మామూలుగా వినే పిల్లలు కూడా ఏడాది పాటు విని విని గానీ తొలి మాట బయట పెట్టరు. రెండేళ్లవాడు కాబట్టి పసిబిడ్డ కంటే కొంచెం తొందరగానే అందుకోవచ్చు. అయినా మూడో నెలలోనే మాట కోసం ఎదురుచూసి దిగులు పడకండి.

ఫోన్లలో తిరిగే వీడియోలు మీరూ చూసి ఉంటారు. మిషన్ ఆన్ చేయగానే పాప నవ్వుతుంది, తల్లి ఏడుస్తుంది. నా ముందు కూర్చున్న పిల్లల్లో ఎక్కువమంది ఆ రోజు ఏడ్చారు. కొందరు ఆడే బొమ్మ వదిలేసి బిక్కమొహం వేశారు. ఒకడైతే కాయిల్ పీకి నా కాఫీ కప్పులో వేశాడు. పుట్టిన దగ్గర్నుంచి నిశ్శబ్దంలో ఉన్న బిడ్డకు అది మాటో చప్పుడో తెలియదు, తలలో ఏదో అయిందని తెలుస్తుంది, అంతే. పెద్దయ్యాక వినికిడి పోయి ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు కూడా మొదట్లో మనుషుల మాటలు కీచుగా, రోబో మాట్లాడినట్టు ఉన్నాయంటారు. మెదడు సర్దుకోవడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు చూడాల్సింది మాట కాదు. కుక్కర్ విజిల్‌కు ఆట ఆపుతున్నాడా? మిషన్ తీసినప్పుడు ఒకలా, పెట్టినప్పుడు ఇంకోలా గొంతు చేస్తున్నాడా? బ్యాటరీ అయిపోతే చెవి పట్టుకుని మీ వైపు చూస్తున్నాడా? వీటిలో ఒక్కటి ఉన్నా బండి కదిలినట్టే.

మీ ఉత్తరంలో నన్ను నిజంగా కంగారు పెట్టింది ‘పీకేస్తున్నాడు’ అన్న ముక్క. ఒక సంగతి చెప్తాను, నొచ్చుకోకండి. ఇప్పటి ప్రాసెసర్లు చాలావరకు రోజుకు ఎన్నిగంటలు తలమీద ఉన్నాయో రాసి పెట్టుకుంటాయి. ‘పొద్దున లేస్తే రాత్రి దాకా పెడుతున్నాం మేడమ్’ అని ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పిన ఒకావిడ పాప ప్రాసెసర్‌ను కంప్యూటర్‌కు తగిలిస్తే, తెర మీద సగటున రెండు గంటల నలభై నిమిషాలు అని వచ్చింది. ఇద్దరం తెర వంక చూశాం. ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. మిగతా రోజంతా ఆ పాప చెవిటిదే కదా. నిద్రపోయేటప్పుడు, స్నానానికి తప్ప మిషన్ తలమీద ఉండాల్సిందే.

పీకడానికి కారణం ఉండొచ్చు. కరెంటు ఎక్కువై కొన్ని చప్పుళ్లు గుచ్చుకుంటూ ఉండొచ్చు, అప్పుడు మ్యాప్ సరిచేయాలి. అయస్కాంతం బిగువై చర్మం ఎర్రబడుతోందేమో కాయిల్ కింద చూడండి. ఈ రెండూ కాకపోతే అది ఉత్త మారాం. దానికి గడ్డం కింద ముడివేసే పల్చటి నూలు టోపీ, చొక్కాకు తగిలించే క్లిప్పు చాలు. పీకిన ప్రతిసారీ ఏమీ జరగనట్టు మళ్లీ పెట్టేయండి. మీరు అరిచారనుకోండి, వాడికి అదొక ఆట అయిపోతుంది.

రోజూ పొద్దున మిషన్ పెట్టగానే వాడి వెనక నిలబడి ఆరు శబ్దాలు అనండి: ఆ, ఈ, ఊ, మ్, ష్, స్. మాటల్లో వచ్చే మంద్రం నుంచి కీచు దాకా ఉన్న శబ్దాలన్నిటికీ ఈ ఆరూ కొలతరాళ్లు. డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టిన పద్ధతి ఇది. విన్నప్పుడల్లా డబ్బాలో గోళీ వేయడం నేర్పండి. ఒకే వరసలో అనకండి, గడుసు పిల్లలు వరస బట్టీ పట్టేస్తారు. నిన్న ‘స్’ విన్నవాడు ఇవాళ వినలేదంటే మైకు దగ్గర చెమటో మురికో చేరిందని అనుమానించాలి. తుడిచినా మారకపోతే మ్యాపింగ్‌కు రండి.

ఇక మాట్లాడించడం. బొమ్మల పుస్తకం ముందేసుకుని ‘ఇది ఏనుగు, ఇది బంతి’ అని పాఠం చెప్తే రాదు. బియ్యం కడిగేటప్పుడు వాడిని పక్కన కూచోబెట్టుకోండి, మిషన్ ఉన్న చెవి మీ వైపు ఉండాలి. ‘బియ్యం పోద్దామా? పోద్దాం, పోద్దాం. జలజలా పడ్డాయి చూడు. నీళ్లు కావాలి, నీళ్లేవీ? ఇవిగో నీళ్లు. చల్లగా ఉన్నాయా? అబ్బ, చల్లగా ఉన్నాయి.’ ఇలా అంటూ మధ్యలో ఆగి వాడి వైపు చూడండి. ఆ ఆగడం ముఖ్యం. మీరు ఆగితేనే వాడికి తన వంతు వచ్చిందని తెలుస్తుంది. టీవీ ఆపండి. ఒంటి గది ఇల్లయితే కూలర్ కూడా ఆ కాసేపు ఆపండి.

మీ అత్తమ్మ సంగతి. ఆమె రోజంతా మాట్లాడుతూనే ఉంటారని మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. అలాంటి మనిషి ఇంట్లో ఉండడం ఎంత అదృష్టమో, మాట నేర్పే థెరపీకి డబ్బు కట్టేవాళ్లను అడగండి. వచ్చేసారి క్లినిక్‌కు ఆమెనే తీసుకెళ్లండి. పిల్లాడు చప్పుడుకు తల తిప్పేది ఆమె కళ్లతో చూడాలి.

నాకు 71 ఏళ్లు. తెలుగు మాస్టారుగా రిటైరయ్యాను. పన్నెండేళ్లుగా వినికిడి తగ్గుతూ వచ్చి, ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లున్నా ఎదుటివాళ్ల పెదాలు కదలడమే గానీ మాట తెలియడం లేదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు వారం వారం వెళ్లేవాణ్ని, మానేశాను. ఈ వయసులో ఇంప్లాంట్ పనికొస్తుందా? పాట మళ్లీ వినగలనా? — మలక్‌పేట

మాస్టారూ, మొదటి ప్రశ్నకు జవాబు హాయిగా చెప్పగలను. దీనికి పై వయసు హద్దు లేదు. మత్తు తట్టుకునే ఆరోగ్యం ఉంటే డెబ్భైల్లోనూ ఎనభైల్లోనూ చేస్తున్నారు. రెండు మూడు గంటల ఆపరేషన్, ఒకటి రెండు రోజుల ఆసుపత్రి. వయసు కంటే ముఖ్యమైంది, చెవి ఎన్నేళ్లు ఖాళీగా ఉందన్నది. మీరు అరవై ఏళ్లు మాట విన్నారు, నిన్నమొన్నటి దాకా మిషన్లతోనైనా లాక్కొచ్చారు. మెదడులో తెలుగు చెక్కుచెదరకుండా ఉంది. మీలాంటివాళ్లకు సాధారణంగా ఫలితం బాగుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో మాట తెలుస్తుంది. కొందరు ఫోన్‌లో కూడా మాట్లాడతారు. పెళ్లి భోజనాల హాల్లో మాత్రం కష్టమే. దానికి మాత్రం ఆశ పెట్టుకోకండి.

కొన్నాళ్లు తల తిరగొచ్చు, నాలుక మీద రుచి తేడాగా ఉండొచ్చు. రుచి తెలిపే నరం ఒకటి ఆ దారిలోనే వెళ్తుంది, ముఖాన్ని కదిలించే నరమూ అక్కడే. ఆ చెవిలో మిగిలిన కాస్త సహజ వినికిడి పోవచ్చు. ఆపరేషన్‌కు ముందు న్యుమోకాకల్ టీకా వేయించుకోవాలి. ఇంప్లాంట్ ఉన్నవాళ్లకు మెదడు పొరల వాపు వచ్చే ముప్పు కాస్త ఎక్కువని 2002లో బయటపడింది. అప్పటి నుంచి టీకా విషయంలో ఎవరూ రాజీ పడడం లేదు.

రెండో ప్రశ్నకు హాయిగా జవాబు చెప్పలేను. లోపలి చెవిలో శబ్దాన్ని నరానికి అందించే ముఖ్యమైన రోమకణాలు దాదాపు 3,500. వాటి స్థానంలో మేము పెట్టే ఎలక్ట్రోడ్లు కంపెనీని బట్టి 12 నుంచి 22. మాటకు ఆ కాసిని చాలు. రాగానికి చాలవు. లయ బాగా తెలుస్తుంది. మృదంగం దెబ్బ దెబ్బకూ అందుతుంది, తాళం వేయొచ్చు. స్వరం నుంచి స్వరానికి జారే గమకం మాత్రం చదునైపోతుంది. తోడిని, భైరవిని విడదీసి చెప్పగలిగిన చెవికి అది చిన్న లోటు కాదని నాకు తెలుసు. మా నాన్న కూడా మీ బాపతే.

ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనే ఈఎన్‌టీ డాక్టరుండేవారు. తండ్రి చెవుడు చూస్తూ పెరిగి ఈ పనిలో దిగారు. నత్తగుల్ల చుట్ల లోపలికి తీగ ఎలా పంపాలా అని తలపట్టుకుని, 1977లో సముద్రపు ఒడ్డున దొరికిన గవ్వలోకి గడ్డిపరక దూర్చి చూసి, దారి కనుక్కున్నారు. కొసన మెత్తగా, వెనక్కి పోనుపోను గట్టిగా ఉన్న పరకైతే లోతుకు వెళ్తుందని అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు మెల్‌బోర్న్‌లో ఆయన తొలి ఆపరేషన్ చేయించుకున్నది రాడ్ సాండర్స్. పరీక్ష చేస్తూ జాతీయగీతం వినిపిస్తే, ఆయన చటుక్కున లేచి నిటారుగా నిలబడ్డాడట. పాట నడక పట్టేశాడు.

నా సలహా: ఒక చెవికే చేయించుకుని, రెండో చెవికి ఇప్పుడున్న మిషన్ వదలకండి. మంద్ర శబ్దాలు సహజమైన చెవి నుంచి, మాట ఇంప్లాంట్ నుంచి వస్తే రెండూ కలిసి పాట కొంచెం మెరుగ్గా ఉంటుంది. మొదట మీకు కంఠతా వచ్చిన కీర్తనే వినండి, ఒక్క గొంతూ ఒక్క వాద్యమూ ఉన్నది. కచేరీకి ఆర్నెల్లు ఆగండి.

నాకు 2008లో ఇంప్లాంట్ పెట్టారు. ఇప్పుడు మోకాలికి ఎంఆర్ఐ తీయించమంటున్నారు. మోకాలికే కదా, ఫర్వాలేదా? — కూకట్‌పల్లి

మోకాలికే అయినా మనిషి మొత్తం ఆ అయస్కాంతం దగ్గరికి వెళ్లాల్సిందే. మీ తలలోనూ ఒక అయస్కాంతం ఉంది. ఆపరేషనప్పుడు ఇచ్చిన మోడల్ కార్డు వెతకండి. పాత మోడళ్లలో కొన్నిటికి చిన్న ఆపరేషన్ చేసి అయస్కాంతం తీయాలి, కొన్నిటికి తలకు గట్టిగా కట్టుకట్టి 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) మిషన్‌లో తీస్తారు. ఈమధ్యవి కొన్ని 3 టెస్లా కూడా తట్టుకుంటాయి. మీ మోడల్ ఏదో తేలేదాకా బల్ల ఎక్కొద్దు. ప్రాసెసర్ గది బయటే వదిలేయాలి. రేపు ఏ ఆపరేషన్ అయినా సర్జన్‌కు ఇంప్లాంట్ సంగతి ముందే చెప్పండి, తల మెడ భాగంలో మామూలు కాటరీ (కరెంటుతో కాల్చి రక్తం ఆపే పరికరం) వాడకూడదు.

మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. పుట్టుకతో వినపడదు. వినికిడి మిషన్ ఎప్పుడూ పెట్టలేదు. ఊళ్లో సైగలతోనే పెరిగాడు. నగరానికి వచ్చాక ఒక ఆసుపత్రిలో ‘ఆపరేషన్ చేస్తే మామూలు పిల్లాడవుతాడు’ అన్నారు. ఆరోగ్యశ్రీలో వయసు దాటిందన్నారు. ఘట్‌కేసర్ దగ్గర 120 గజాల ప్లాటుంది, అమ్మేద్దామనుకుంటున్నాం. — ఒక తండ్రి, నాచారం

ప్లాటు అమ్మకండి.

ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానో చెప్పాలి. 2010 ప్రాంతంలో సరిగ్గా ఇలాంటి పదేళ్ల అబ్బాయిని తీసుకుని ఒక ఆటో డ్రైవర్ నా దగ్గరికి వచ్చారు. దాతలు డబ్బు ఇస్తామన్నారు, సర్జన్ సరే అన్నారు, నేనూ ‘ఏమీ లేనిదానికంటే ఏదో ఒకటి నయం కదా’ అన్నాను. ఆపరేషన్ చక్కగా జరిగింది. అన్ని ఎలక్ట్రోడ్లూ పనిచేశాయి. నా ఫైల్లో చూస్తే దాన్ని సక్సెస్ అనే అంటారు. ఆ పిల్లాడు మాత్రం రోజూ తలనొప్పితో మిషన్ తీసి జేబులో పెట్టుకునేవాడు. రెండేళ్లు థెరపీకి తిప్పారు. లారీ హారన్, తలుపు చప్పుడు, కుక్క అరుపు గుర్తుపట్టేవాడు. మాట మాత్రం రాలేదు. ఆ తర్వాత మిషన్ బీరువాలోకి వెళ్లింది.

మొన్నామధ్య ఆ అబ్బాయే తన అక్క కూతురి పరీక్షకు తోడుగా వచ్చాడు. ఇరవై ఐదేళ్లుంటాయి. ప్రింటింగ్ ప్రెస్‌లో పని, బధిరుల పాఠశాలలో కలిసి చదివిన అమ్మాయితో పెళ్లి. నన్ను గుర్తుపట్టి నవ్వి, అక్కకు సైగ చేసి చెప్పమన్నాడు: ‘ఆ మిషన్లో లారీలే ఉన్నాయి, మనుషులు లేరు.’

తప్పు మిషన్‌ది కాదు, పిల్లాడిదీ కాదు. పుట్టుకతో వినని బిడ్డ మెదడులో శబ్దానికి కేటాయించిన చోటు మొదటి మూడు నాలుగేళ్లూ ఖాళీగా ఉంటే చూపూ మిగతావీ వచ్చి అక్కడ కూర్చుంటాయి. తర్వాత మాట కోసం ఆ చోటు ఖాళీ చేయించడం చాలా కష్టం. పథకంలో చిన్న వయసు షరతు పెట్టడానికి కారణం ఇదే. మీ బాబు చిన్నప్పటి నుంచీ మిషన్ వాడి, కొన్ని మాటలైనా పలుకుతూ ఉంటే నా జవాబు ఇంకోలా ఉండేది. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, ‘మామూలు పిల్లాడవుతాడు’ అన్నవారు ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోమనడం లేదు. ముందు మంచి వినికిడి పరీక్ష, ఆర్నెల్లు వినికిడి మిషన్ పెట్టి చూడడం. దానితో పాటు ఇవాళే మొదలుపెట్టాల్సింది భాష. ఊళ్లో ఇంటివాళ్లతో చేసే సైగలు సరిపోవు. భారతీయ సంజ్ఞాభాష అని నిండు భాష ఉంది, దానికి నిఘంటువు ఉంది, ఢిల్లీలో 2015లో ఏర్పాటైన జాతీయ కేంద్రం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ వాక్ శ్రవణ వికలాంగుల సంస్థ ప్రాంతీయ కేంద్రానికి వెళ్లండి. ముంబైలో ఉన్న ఆ సంస్థకు మన ఉస్మానియా వైస్ చాన్సలర్‌గా చేసినాయన పేరే పెట్టారు. పరీక్షలు, బడి సలహా రెండూ అక్కడ దొరుకుతాయి. మీరిద్దరూ కూడా సంజ్ఞలు నేర్చుకోండి. తొమ్మిదేళ్లవాడికి కడుపులో ఎన్ని ప్రశ్నలుంటాయో, జవాబు చెప్పే మనిషి ఇంట్లో ఉండాలి.

మా పాపకు ఒకవైపు చెవి ఆకారం సరిగా లేదు, రంధ్రమే లేదు. కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాలా? — బోయిన్‌పల్లి

సాధారణంగా అవసరం ఉండదు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి లోపలి నత్తగుల్ల బాగానే ఉంటుంది, దారే మూసుకుపోయింది. పుర్రె ఎముక ద్వారా శబ్దం పంపే మిషన్లు వేరే ఉన్నాయి. చిన్నప్పుడు ఆపరేషన్ లేకుండా తలకు బ్యాండులా పెడతారు, ఎముక గట్టిపడ్డాక కావాలంటే టైటానియం మర బిగిస్తారు. రెండో చెవికి వెంటనే బెరా చేయించండి. అది బాగుంటే కంగారు లేదు.

మా అమ్మాయికి పదకొండేళ్లు. రెండేళ్లప్పుడు ప్రభుత్వ పథకంలో ఇంప్లాంట్ చేశారు. చక్కగా మాట్లాడేది, మామూలు బడిలో ఐదో తరగతి దాకా వచ్చింది. ఎనిమిది నెలల నుంచి మిషన్ పనిచేయడం లేదు. ఆ మోడల్ ఆపేశామని, కొత్తది కొనాలంటే లక్షల్లో అవుతుందని అన్నారు. మావారు సెంట్రింగ్ పని. పాప బడి మానేసింది. — బోరబండ

ఈ ఉత్తరం చదివాక నాకు ఆ రోజంతా పని మీద మనసు నిలవలేదు. ఇది మా వృత్తివాళ్లందరి తప్పు. ఆపరేషన్ రోజు పూలదండలు, ఫొటోలు. ఏడో ఏటో తొమ్మిదో ఏటో తీగ తెగితే ఎవరు కొనాలన్నది ఆ రోజు ఎవరూ చెప్పరు. నేనూ ఎన్నోసార్లు చెప్పలేదు. లోపలి భాగానికి పదేళ్ల వారంటీ ఉంటుంది, బయట ప్రాసెసర్‌కు అంతకాలం ఉండదు. రోజూ చెమటలో, దుమ్ములో తిరిగేది మాత్రం బయటిదే.

ముందు ఒకటి కనుక్కోండి: నిజంగా ప్రాసెసరే పోయిందా? చాలాసార్లు చచ్చేది కాయిల్ తీగ. రోజూ వంగీ వంగీ లోపల తెగుతుంది, పైకి కనపడదు. తీగ ఖరీదు కూడా మీకు భారమే, కానీ ప్రాసెసర్‌తో పోలిస్తే చాలా తక్కువ. మీ మోడలే వాడే ఇంకో పిల్లవాడి తీగ అయిదు నిమిషాలు అడిగి తగిలించి చూడండి, లైటు వెలిగితే తేలిపోతుంది. ప్రాసెసర్ మాత్రం మార్చి పెట్టి చూడకండి, ఒకరి మ్యాప్ ఇంకొకరికి పనికిరాదు. అందులో కరెంటు ఎక్కువై ఉండొచ్చు.

ప్రాసెసరే పోయి ఉంటే, కొత్తది కొన్నవాళ్ల ఇళ్లలో పాతవి పడి ఉంటాయి. మీకు ఆపరేషన్ చేసిన చోటి ఆడియాలజిస్టును, థెరపీ సెంటర్లో కలిసే తల్లిదండ్రులను అడగండి. అది దొరికితే మీ పాప మ్యాప్ అందులోకి ఎక్కించాలి. మోడల్, సీరియల్ నంబరు, బాగుచేయడానికి వీలుకాదని రాతపూర్వకంగా ఒక కాగితం, ఖర్చు అంచనా తీసుకుని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. అర్జీలో ‘సాయం చేయండి’ అని ఊరుకోకుండా ‘ప్రభుత్వం పెట్టిన ఇంప్లాంట్ లోపల బాగానే ఉంది, బయటి భాగం లేక వృథాగా పడి ఉంది’ అని రాయించండి. కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ చూపించండి, ఇంప్లాంట్లు చేసే ప్రభుత్వ ఆసుపత్రి కాబట్టి దారి చెప్తారు. ఈలోగా రెండో చెవికి మామూలు వినికిడి మిషన్ పెట్టి చూడొచ్చు. పాపను మాత్రం రేపే బడికి పంపండి, ముందు బెంచీలో కూర్చోబెట్టమనండి. మాట వచ్చిన పిల్ల కాబట్టి పెదాలు చూసి కొంత లాగగలదు. ఎనిమిది నెలలు వినకపోయినా మిషన్ పెట్టాక తొందరగానే దారిలో పడుతుంది.

ఇంకా ఆపరేషన్ చేయించనివాళ్లు ఇది చదువుతుంటే, సంతకం పెట్టే ముందు అడగండి: తీగ ఎంత, ఎక్కడ దొరుకుతుంది, మ్యాపింగ్‌కు ఎవరి దగ్గరికి రావాలి, ఎన్నేళ్లు ఉచితం. ‘అవన్నీ తర్వాత చూద్దాం’ అంటే మీరూ ‘సంతకం కూడా తర్వాత చూద్దాం’ అనండి. రాత్రిపూట మిషన్‌ను తేమ పీల్చే గుళికలున్న డబ్బాలో పెట్టడం మాత్రం మన చేతిలో పని. వానాకాలంలో మరీ ముఖ్యం.

మనవరాలికి మూడేళ్లు. ఇంప్లాంట్ పెట్టి ఏడు నెలలైంది, ‘తాత’ అంటోంది. పుట్టువెంట్రుకలు తిరుపతిలో తీయిస్తామని మొక్కుకున్నాం. గుండు చేయించొచ్చా? చెవులు కుట్టించొచ్చా? తలకు నూనె పెట్టొచ్చా? — ఒక తాతయ్య, రామంతాపూర్

‘తాత’ ముందు వచ్చిందన్నమాట, అమ్మానాన్నలు ఏమన్నారో!

గుండుకు సర్జన్‌ను ఒక్కసారి అడగండి. గాయం పూర్తిగా మానిందంటే చేయించొచ్చు. కల్యాణకట్టలో జనం ఎక్కువ, కత్తి వేగం ఎక్కువ. కూర్చోబెట్టగానే చెవి వెనక ఉబ్బుగా ఉన్నచోటు మీ వేలితో చూపించి, అక్కడ నెమ్మదిగా, నొక్కకుండా గీయమనండి. ఆ చర్మం కిందే రిసీవర్ ఉంది, తెగి చీము పట్టిందంటే కథ మళ్లీ మొదటికొస్తుంది. ప్రాసెసర్ ముందే తీసి డబ్బాలో పెట్టి మీ జేబులో ఉంచుకోండి. పాప చేతికి, బ్యాగు పైజేబుకు ఇవ్వొద్దు. తలనీళ్లు పోశాక బాగా ఆరనిచ్చి పెట్టండి.

చెవితమ్మె కుట్టిస్తే ఇంప్లాంట్‌కు సంబంధం లేదు, కుట్టించండి. నూనె పెట్టొచ్చు, మాడుకు చాలు. కాయిల్ అతికే చోట, చెవి వెనక తుడిచేయండి. నూనె మైకు రంధ్రాల్లోకి దిగితే పాపకు మీ మాట బావిలోంచి వచ్చినట్టుంటుంది.

ఇంకొకటి, ఇది చాలామంది మరిచిపోతారు. ఇన్నాళ్లూ జుట్టు మీదుగా పట్టుకున్న అయస్కాంతం గుండు మీద మరీ గట్టిగా పట్టేస్తుంది, చర్మం కమిలిపోతుంది. తిరుపతి వెళ్లే ముందు మీ ఆడియాలజిస్టు దగ్గర తక్కువ బలం ఉన్న అయస్కాంతం మార్పించుకోండి. పాతది పారేయకుండా ఒక డబ్బీలో దాచండి, మూడు నాలుగు నెలల్లో జుట్టు పెరగగానే కాయిల్ జారిపోవడం మొదలవుతుంది, అప్పుడు మళ్లీ అదే కావాలి.